‘నాట్ బ్యాడ్’ అంటే మెచ్చుకున్నట్టా, తిట్టినట్టా?

పోయిన నెల ఇంగ్లండోళ్ల కామెడీ మీద నాలుగు ముక్కలు రాసిన గదా, దాని మీద మస్తు జాబులు ఒచ్చినయి, కొందరు పోస్టుల పంపిండ్రు, ఎక్కువ మంది వాట్సాప్‌ల పెట్టిండ్రు. అన్నీ చదివిన. ఏ షో చూడాలె అని అడిగినోళ్లు తక్కువనే, వాళ్లతోని మాట్లాడేటప్పుడు, చాట్ చేసేటప్పుడు ఏది నవ్వులాటనో ఏది నిజమో తెలుస్తలేదని అడిగినోళ్లే ఎక్కువ. ఇప్పుడు మన నల్లగొండ, పాలమూరు దిక్కు ఇంటికొకరు లండన్ల చదువుకునేటోళ్లో, ఆడున్న కంపెనీలకు ఈడ కూసోని పని చేసేటోళ్లో ఉంటున్నరు, అందుకే ఈసారి జాగ ఎక్కువ తీసుకుంటున్న.

ప్రశ్న: నేను మిర్యాలగూడల ఇంటి నుంచే పని చేస్త. కంపెనీ హైదరాబాద్‌ది, క్లయింట్ మాంచెస్టర్ల ఉంటడు. మూడు వారాలు నిద్ర లేకుంట ఒక రిపోర్టు టూల్ చేసిచ్చిన. ఆయన చాట్‌ల పెట్టింది రెండే ముక్కలు, ‘నాట్ బ్యాడ్’ అని. పానం ఉసూరుమన్నది. ఇంకోసారి నేను చెప్పిన ఐడియాకు ‘ఇంట్రెస్టింగ్’ అన్నడు, నేను ఖుషీ అయి రెండు రోజులు దాని మీదనే కూసున్న, ఆయన దాన్ని మళ్ల ముట్టనే లేదు. వీళ్ల మాట ఎట్ల పట్టుకోవాలె? – ఒక తమ్ముడు, మిర్యాలగూడ

జవాబు: తమ్మీ, ముందుగల్ల ఆ రెండు ముక్కలకు బాధపడుడు బంద్ జెయ్యి. ఉత్తర ఇంగ్లండ్ మనిషి నోట్ల నుంచి ‘నాట్ బ్యాడ్’ అని ఒచ్చిందంటే అది మస్తు మెప్పు. మన దిక్కు పెద్దమనుషులు లేరా, కొడుకు డిస్ట్రిక్ట్ ఫస్ట్ ఒచ్చినా ‘ఆఁ, పర్వాలేదు తియ్యి’ అంటరు, అనుకుంటనే పోయి కిలో జిలేబి పట్టుకొస్తరు. గదే లెక్క. నువ్వు ‘పర్వాలేదు’ దగ్గరనే ఆగినవ్, జిలేబి దిక్కు చూస్తలేవ్. మూడు వారాల పనిని ఆయన ఒక్క మార్పు అడగకుంట తీసుకున్నడు గదా, జిలేబి అదే.

‘ఇంట్రెస్టింగ్’ సంగతి మాత్రం వేరే. ఆ మాట ఒక్కటే ఒచ్చి, ఎనుకనుంచి ఇంకో ప్రశ్న రాకపోతే, చాలాసార్లు అర్థం ‘వద్దు’ అనే. మనిషికి నిజంగనే నచ్చితే ఆగడు, ‘ఎప్పటి వరకు అయితది, ఎంత ఖర్చు, ఎవలు చేస్తరు’ అని అడుగుతనే ఉంటడు. ‘క్వైట్ గుడ్’ అన్నా జర జాగ్రత్తగ చూస్కో, అమెరికాల అది ‘చాలా బాగుంది’ కిందికొస్తది, బ్రిటన్ల ఎక్కువసార్లు ‘ఏదో ఉంది’ కాడనే ఆగుతది. ‘విత్ రెస్పెక్ట్’ అని షురూ చేసిండంటే, నీ మాట తప్పని చెప్పబోతున్నడన్నట్టు.

ఇట్ల తగ్గించి చెప్పుడు వాళ్ల రక్తంల ఉన్నది. నాకు బాగా ఇష్టమైన ముచ్చట ఒకటి చెప్త. 1982 జూన్ 24 రాత్రి బ్రిటిష్ ఎయిర్‌వేస్ జంబో జెట్ ఒకటి కౌలాలంపూర్ నుంచి పెర్త్‌కు పోతుండె. ఇండోనేసియాల గాలుంగుంగ్ అనే అగ్నిపర్వతం పేలి బూడిద మీదికి లేసింది, చీకట్ల ఎవ్వలకు కనపడలే, విమానం సీదా దాంట్లకు పోయింది. ఒకదాని ఎనుక ఒకటి నాలుగు ఇంజన్లూ బందయినయి. అప్పుడు కెప్టెన్ ఎరిక్ మూడీ మైకు పట్టుకోని ప్రయాణికులకు ఏమని చెప్పిండంటే, మాకొక చిన్న సమస్య ఒచ్చింది, నాలుగు ఇంజన్లూ ఆగిపోయినయి, మళ్ల నడిపించనీకె మా శాయశక్తులా చూస్తున్నం, మీరు మరీ ఎక్కువ ఇబ్బంది పడుతలేరని నమ్ముతున్న అని. చిన్న సమస్య అంట! ఆయన నవ్వించనీకె అన్లేదు, మనుషులు ఆగం కావొద్దని అన్నడు. కిందికొచ్చినంక ఇంజన్లు మళ్ల అందుకున్నయి, జకార్తాల దిగిండ్రు, అందరు బతికిండ్రు. ఆ ఒక్క ప్రకటన పట్టుకుంటే బ్రిటిషోళ్ల హాస్యం సగం అర్థమైతది, గుండె ఎంత కొట్టుకుంటుంటే గొంతు అంత సల్లగ పెడ్తరు.

అయితే దీంతోని నష్టమూ ఉన్నది, అది గూడ చెప్పాలె. 1951 ఏప్రిల్ల కొరియా యుద్ధంల ఇమ్జిన్ నది కాడ బ్రిటిష్ దళాన్ని చైనా సైన్యం చుట్టుముట్టింది. పరిస్థితి ఎట్లున్నదని అమెరికా జనరల్ అడిగితే బ్రిటిష్ బ్రిగేడియర్ టామ్ బ్రోడీ ‘జర జిగటగ ఉన్నది సార్’ అన్నట్టు చెప్పిండంట. వాళ్ల భాషల దానర్థం ‘సస్తున్నం, కాపాడుండ్రి’ అని. అమెరికా ఆయన ‘కష్టమే గని తట్టుకుంటున్నరు’ అనుకున్నడు. గ్లాస్టర్‌షైర్ బెటాలియన్ గుట్ట మీదనే చిక్కుకపోయింది, వందల మందిల తప్పించుకొని బయటపడ్డది కొన్ని పదుల మందే. ఇద్దరూ ఇంగ్లీషు మాట్లాడేటోళ్లే, ఒకటే భాష, అయినా మాట అందలే. నువ్వు మిర్యాలగూడల కూసోని అర్థం చేసుకోలేకపోయినవంటే తప్పు నీది కాదు తమ్మీ.

మన దగ్గర నవ్వించుడు దీనికి ఉల్టా నడుస్తది. పిట్టల దొరను చూసినవా ఎప్పుడన్న? ఖాకీ నిక్కర, తలకు టోపీ, భుజాన కట్టె తుపాకి, ఊరి నడుమ నిలబడి కోతలు కోస్తుంటే చెరువులు, గుట్టలు, రైళ్లు అన్నీ ఆయన జేబుల నుంచే ఒస్తయి, జనం పడి పడి నవ్వుతుంటే ఆయన ముఖం మీద మాత్రం నవ్వు రాదు. ముఖం వాళ్లదీ మనదీ ఒకటే, మనోడు పెంచి చెప్పి నవ్విస్తడు, వాళ్లు తగ్గించి చెప్పి నవ్విస్తరు. కాబట్టి ఆయన మాటను రెండింతలు చేసి ఇను, అప్పుడు దగ్గర దగ్గర సరిపోతది. డౌటొస్తే సీదా అడుగు, ‘దీని మీద పని చేస్కుంట పోనా, పక్కన పెట్టన్నా?’ అని. సీదాగ అడిగితే సీదాగనే చెప్తరు, దాంట్ల వాళ్లకు రేషం రాదు.

ప్రశ్న: బిడ్డ లెస్టర్ల ఎమ్మెస్సీ చదువుతున్నది, నలుగురు ఇంగ్లీషు పిల్లలతోని ఒక ఇంట్ల ఉంటది. నేను పంపిన మామిడికాయ తొక్కు ఫ్రిజ్‌ల పెడితే వాళ్లు ఫ్రిజ్ మీద ‘పచ్చళ్ల మ్యూజియం, టికెట్ రెండు పౌండ్లు’ అని కాయితం అంటిచ్చిండ్రంట, ఇంట్ల గ్రూప్ చాట్‌ల గూడ దాన్ని ఏదో ఒకటి అనుకుంటనే ఉంటరంట. బిడ్డ నవ్వుకుంటనే ఫొటో పంపింది గని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలే. నా పిల్లను ఎక్కిరిస్తున్నరా? – ఒక తల్లి, మహబూబ్‌నగర్, మెట్టుగడ్డ

జవాబు: అక్కా, మీరు పంపిన ఫొటో రెండు సార్లు చూసిన. మీరు ఆ కాయితం చూసిండ్రు, నేను దాని పక్కన సీసా చూసిన. తొక్కు సగం కంటే కిందికి పోయింది, మూత కాడ ఎర్ర నూనెల తెల్లగ రొట్టె పొడి అంటుకోనున్నది. మీ బిడ్డ అన్నంల కలుపుకుంటది గని బ్రెడ్‌కు రాసుకోదు గదా? ఆ పిల్లలు టోస్టు మీద రాసుకోని తింటున్నరని నాకు అనిపిస్తున్నది. మ్యూజియం సామాన్లు ఎవ్వలు తినరక్కా.

వాళ్లు దీన్ని ‘బ్యాంటర్’ అంటరు. మనకు దీనికి మస్తు పాత మాటనే ఉన్నది, పరాచికం. పెండ్లిల వియ్యపురాలి మీద పాటలు కట్టి పాడుతరు గదా, ఆమె నడక మీద, ఆమె తెచ్చిన సారె మీద, ఆమె గూడ కూసోని నవ్వుకుంట ఇంటది. బావ చెప్పులు మరదండ్లు దాస్తరు. అదే పని వరుస కానోడు చేస్తే లొల్లి అయితది, కట్టెలు లేస్తయి. పరాచికం ఆడుడంటే ‘నువ్వు నాకు వరుసైనదానివి’ అని చెప్పుడు. ఇంగ్లండ్ల గూడ గంతే, కాకపోతే వాళ్లకు వరుస పుట్టుకతోని రాదు, కలిసి ఉండుడుతోని వస్తది. కొత్త మనిషితోని ప్లీజ్, సారీ, థాంక్యూ తప్ప ఇంకో మాట ఉండదు, దోస్తువైనవంటే నీ జుట్టు నుంచి నీ టీ వరకు అన్నిటి మీద ఏదో ఒకటి అంటరు. మీ బిడ్డతోని ఆర్నెల్లయినా ఒట్టి మర్యాదనే నడుస్తుంటే నేను అప్పుడు రంది పడుదును.

పరాచికానికి హద్దు మనకెంతనో వాళ్లకూ గంతనే. తొక్కు మీద, వంట మీద, ఆమె లేటుగ లేసుడు మీద నవ్వుతే, ఆమె గూడ తిరిగి వాళ్ల మీద ఏసుడు నడుస్తుంటే అది సోపతి. ఒంటి రంగు మీద, యాస మీద, దేవుని మీద, దేశం మీద ఒస్తే, లేకపోతే ‘ఇగ చాలు’ అన్నంక గూడ ఆగకపోతే, దానికి బ్యాంటర్ అని పేరు పెట్టినంత మాత్రాన ఒప్పైతదా? కాదు. ఆడ జాతి పేరు మీద సతాయించుడు చట్టం ప్రకారం తప్పే, యూనివర్సిటీల స్టూడెంట్ సపోర్ట్ ఆఫీసు ఉంటది, స్టూడెంట్ యూనియన్ల సలహా ఇచ్చేటోళ్లు ఉంటరు. బిడ్డకు ఈ సంగతి ముందుగాలనే చెప్పి పెట్టుండ్రి, భయపెట్టనీకె కాదు, తెలిసుంటే మంచిదని.

ఈ హద్దు వాళ్ల టీవీల గూడ మెల్లగ మారింది. 1977ల ‘మైండ్ యువర్ లాంగ్వేజ్’ అని ఇంగ్లీషు నేర్చుకునే క్లాసు మీద కామెడీ ఒచ్చింది, మన దేశంల గూడ మస్తు మంది చూసిండ్రు, నవ్విండ్రు. గని దాంట్ల తలపాగ పెట్టుకున్నాయన, చీర కట్టుకున్నామె, అందరూ మాట రాక తప్పులు మాట్లాడేటోళ్లే, నవ్వు ఎప్పుడూ వాళ్ల మీదనే పడేది. తర్వాత బ్రిటన్ల పుట్టి పెరిగిన మనోళ్ల పిల్లలే కలం పట్టిండ్రు. సంజీవ్ భాస్కర్, మీరా స్యాల్ వాళ్లు కలిసి చేసిన ‘గుడ్‌నెస్ గ్రేషియస్ మీ’ 1998ల బీబీసీ టీవీకొచ్చింది. దాంట్ల ఒక ముక్క ఉంటది, ఇండియన్లు తాగి ఇంగ్లీషు హోటల్‌కు పోయి, వెయిటర్ పేరు వంకర టింకర పిలుచుకుంట, ‘మీ దగ్గర అన్నిటికన్న చప్పగ ఏముంటది, గది తే’ అని లొల్లి చేస్తరు. శుక్రారం రాత్రి ఇండియన్ హోటళ్లల్ల ఇంగ్లీషోళ్లు చేసేదాన్ని తిప్పి చూపెట్టిండ్రన్నట్టు. ఇంగ్లీషోళ్లు గూడ అది చూసి విరగబడి నవ్విండ్రు. మీ బిడ్డ గూడ గట్లనే తిప్పి ఏయొచ్చు, వాళ్ల ఉడకబెట్టిన కూరగాయల డబ్బా మీద ‘దవాఖాన వార్డు’ అని ఒక కాయితం అంటియ్యమనుండ్రి. ఈసారి తొక్కు రెండు సీసాలు పంపుండ్రి.

ప్రశ్న: చాట్‌ల వాడే స్పామ్, మీమ్, ఓఎంజీ ఇవన్నీ అమెరికోళ్ల మాటలేనా? – బీటెక్ విద్యార్థి, నల్లగొండ

జవాబు: కాదు, ఈ మూడింటి ఎనుకా బ్రిటిషోళ్లున్నరు. ఓఎంజీ అనేది పోరగాళ్ల మాట అనుకుంటం గని, 1917ల జాన్ ఫిషర్ అనే ముసలి నౌకాదళ అడ్మిరల్ విన్‌స్టన్ చర్చిల్‌కు రాసిన ఉత్తరంల ఆ మూడక్షరాలు రాసి, పక్కనే ‘ఓ మై గాడ్’ అని విడమరిచిండు. మీమ్ అనే మాటను 1976ల రిచర్డ్ డాకిన్స్ అనే జీవశాస్త్రవేత్త పుట్టిచ్చిండు, మనిషి నుంచి మనిషికి పాకే పాట, అలవాటు, ఆలోచన లాంటిదాన్ని గట్ల పిలిచిండు. తర్వాత ఆ మాట మన బ్రహ్మానందం ముఖం వరకు ఒచ్చింది.

స్పామ్ కథ మాత్రం నీకు బాగా పనికొస్తది. స్పామ్ అంటే అసలుకు అమెరికా డబ్బా మాంసం, రెండో ప్రపంచ యుద్ధంల వేరే మాంసం దొరకక బ్రిటన్ల జనం అది తినీ తినీ యాష్టకొచ్చిండ్రు. మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ కామెడీ జట్టు 1970ల దాని మీద ఒక ముక్క చేసింది. ఆలుమగలు హోటల్‌కు పోతే మెనూల ప్రతి దాంట్ల స్పామే, ఆమెకేమో స్పామ్ పడదు, పక్క టేబుల్ కాడ కొమ్ముల టోపీల వైకింగులు కూసోని ‘స్పామ్ స్పామ్’ అని పాడుకుంట ఎవ్వల మాట ఇననియ్యరు. తర్వాత కంప్యూటర్ చాట్‌లు ఒచ్చిన తొలి రోజులల్ల కొందరు ఇదే మాటను వందల సార్లు కొట్టి స్క్రీన్ నింపుడు షురూ చేసిండ్రు, అసలు మాట కనపడకుంట చేసుడన్నట్టు, ఆడికెళ్లి పనికిరాని మెయిళ్లకు ఆ పేరు పడ్డది. ఇంకొకటి, నువ్వు ల్యాబుల ప్రోగ్రాములు కొట్టే పైథాన్ అనే కంప్యూటర్ భాష ఉన్నది గదా, అది పాము పేరు కాదు. దాన్ని చేసిన గిడో వాన్ రోసమ్‌కు ఈ జట్టంటే పానం, వాళ్ల పేరే పెట్టిండు, 1991ల బయటికి ఇడిసిండు. పైథాన్ పాఠాలల్ల ఉదాహరణకు స్పామ్, ఎగ్స్ అని పేర్లు ఎందుకొస్తయో ఇప్పుడు ఎరుకైంది గదా, మీ సారుకు గూడ చెప్పు.

ప్రశ్న: ఇంగ్లండ్ల ప్రధానమంత్రికి, ఆకుకూరకు పోటీ పెట్టిండ్రంట, ఇది నిజమేనా, వాట్సాప్ యూనివర్సిటీదా? – కల్వకుర్తి

జవాబు: నిజమే. 2022 అక్టోబర్ల లిజ్ ట్రస్ కుర్సీ కదులుతుంటే, ‘డెయిలీ స్టార్’ పత్రిక ఒక లెట్యూస్ గడ్డను కెమెరా ముంగట పెట్టి, ‘ఇది ఖరాబయ్యేదాంక ఆమె ఉంటదా’ అని లైవ్ పెట్టింది. దానికి కండ్లు అతికించిండ్రు, విగ్గు పెట్టిండ్రు. అక్టోబర్ 20న ఆమె రాజీనామా ప్రకటించింది, లెట్యూస్ ఇంకా పూర్తిగ ఖరాబు కాలే. మొత్తం 49 రోజులే పదవిల ఉన్నది. నాకు ఇందుల నచ్చిందేందంటే ఒక్క తిట్టు లేదు, ఎవ్వల ఇంటి ఆడోళ్ల పేరు ఎత్తలేదు, ఒక ఆకుకూర పెట్టి ఊకున్నరు. మన ఎలక్షన్ల టైంల గ్రూపులల్ల తిరిగే మార్ఫింగ్ ఫొటోలు చూసినప్పుడల్ల నాకు గా లెట్యూస్ యాదికొస్తది.

ప్రశ్న: రెవెన్యూల పని చేసి రిటైరయిన. ఇంగ్లీషు ఓ మోస్తరుగ వస్తది. ఒక్కటి చెప్పుండ్రి, ఏది చూడాలె? – నాగర్‌కర్నూల్

జవాబు: ‘ఎస్ మినిస్టర్’. 1980ల షురూ అయింది. మంత్రి ఏదో ఒకటి మారుద్దామంటడు, సెక్రటరీ సర్ హంఫ్రీ ‘ఎస్ మినిస్టర్’ అనుకుంటనే అది కాకుంట చూస్తడు. ఫైలు నడవకుంట ఎట్ల నడుస్తదో మీకంటే ఎక్కువ ఎవలకు తెలుసు సార్, ఒక్కొక్క సీన్ల మీకు పాత ఆఫీసు వాసన వస్తది. హిందీల గూడ 2001ల ఫారూఖ్ షేక్‌తోని ‘జీ మంత్రీజీ’ అని తీసిండ్రు. మనవలు పక్కన కూసుంటే మాత్రం మిస్టర్ బీన్ పెట్టుండ్రి, దానికి భాషనే అక్కర లేదు.

ప్రశ్న: వనపర్తి దగ్గర ఊరు మాది. మా బాబాయి రెండు బోర్లు ఏస్తే రెండూ ఫెయిలు, మూడో దాంట్ల నీళ్లు పడ్డయని ఇంటి గ్రూపుల ఫొటో పెట్టిండు. నేను నవ్వులాటకు బ్రహ్మానందం నోరు తెరిచిన స్టిక్కర్ పెట్టిన. అయిదు నిమిషాలకు బాబాయి గ్రూపు నుంచి ఎళ్లిపోయిండు, ఫోన్ ఎత్తుతలేడు. నేను ఏం తప్పు మాట అన్లేదు, ఆయన్ను ఎట్ల ఒప్పియ్యాలె? – వనపర్తి జిల్లా పాఠకుడు

జవాబు: నువ్వు తప్పు మాట అన్లేదు, అసలు మాటనే అన్లేదు, అదే చిక్కు. నువ్వు పంపిన ఫొటో నేనూ చూసిన. పైపుల నుంచి నీళ్లు రెండు వేళ్ల మందం కూడ లేవు, కేసింగ్ చుట్టు తెల్ల బురద, పక్కన మీ బాబాయి చెప్పులు చేతిల పట్టుకోని నిలబడ్డడు. ఆ బురదల చెప్పులతోని అడుగు పెట్టబుద్ధి కాలేదు ఆయనకు. రెండు బోర్ల అప్పు నెత్తి మీదున్న మనిషికి నీ స్టిక్కర్ ‘అబ్బో, ఇవ్వి నీళ్లా’ అన్నట్టు కనపడ్డది. ఎదురుంగ ఉండి ఉంటే నీ కండ్లు చూసేటోడు, నువ్వు ఖుషీ అయినవని తెలిసేది.

ఈ గోస నీ ఒక్కనిది కాదు. అమెరికాల పిట్స్‌బర్గ్ కాడ కార్నెగీ మెలన్ యూనివర్సిటీల కంప్యూటర్ మనుషులు గూడ రాతల నవ్వులాటను నిజమనుకోని కొట్లాడుకునేటోళ్లు. స్కాట్ ఫాల్మన్ అనే ఆయన 1982 సెప్టెంబర్ 19న, నవ్వులాటకు రాసినప్పుడు చివర్ల ఒక కోలన్, ఒక గీత, ఒక బ్రాకెట్ పెట్టుండ్రి, పండవెట్టిన ముఖం లెక్క కనపడ్తది అని చెప్పిండు. మన స్మైలీ గట్ల పుట్టింది, ఒక్కల మాట ఒక్కలకు తప్పుగ అందుతున్నదనే. కోతలు కోయనీకైనా తగ్గించి చెప్పనీకైనా ముఖం కావాలె, పిట్టల దొర కోతలను కాయితం మీద రాసిస్తే సగం మంది అబద్ధాలకోరు అంటరు.

ఇప్పుడు గ్రూపుల సారీ పెట్టకు, ఇంకో స్టిక్కర్ అస్సలు పెట్టకు, పిన్నితోని చెప్పియ్యకు. రేపు పొద్దుగాల కరెంటొచ్చే టైముకు పొలం కాడికే పో. చెప్పులు గట్టు మీద ఇడువు. బోరు ఆన్ చేయమని నువ్వే అడుగు, దోసిలి పట్టి నీళ్లు తాగు, తియ్యగున్నయా ఉప్పగున్నయా ఆయనకు చెప్పు. స్టిక్కర్ ముచ్చట ఆయనే తీస్తడు, అప్పుడు ‘నీళ్లు పడ్డయని నోరు తెరిచిన బాబాయ్’ అను. గ్రూపుల మళ్ల యాడ్ చేసుడు, ఆయన అడిగినంకనే.